కర్రి గూడు చేరిన విధము

మానవునితో చెలిమి చేసిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. మనుష్యుడు సేద్యము నేర్వక, ఇంకను వేటాడి బ్రతుకుచుండిన కాలముననే తోడేళ్ల జాతికి చెందిన కొన్ని మృగములు అతనికి మచ్చికయైనవి. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము అతని వాకిట చేరినది ఆ తరువాతనే. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము ఈ చెలిమికి 15,000 ఏండ్లకు తక్కువ వయస్సు లేదు. అయినను, ఇంతటి ప్రాత చుట్టమును పిలిచి, "ఇదిగో, నీకొక గూడు కట్టించితిని, నేటి నుండి ఇందు పండుకొనుము" అని చెప్పినంతమాత్రమున అది లోనికి పోదు. ఏల పోదు? పోవునట్లు చేయుటకు మార్గమేది? ఈ సంగతిని నేను పుస్తకములలో చదివి నేర్వలేదు. మా ఇంటి కుక్కయే నాకు నేర్పినది. అది నేర్పుటకు ముందు నేనొక తప్పు చేసితిని. ఆ తప్పును దాచక చెప్పుచున్నాను.

మా కర్రి నాటుకుక్క. ఒడలంతయు నలుపు, రొమ్మున మాత్రము అఱచేయి వెడల్పున ఒక తెల్లని మచ్చ. నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి విరమించిన ఏట, ఒక వాననాడు, తడిసి వణకుచు మా అరుగు క్రిందికి వచ్చిన కూన అది. నాటి నుండి అయిదేండ్లపాటు మా వసారాయే దానికి ఇల్లు. రాత్రులందు తలవాకిటి గడపకు వీపు ఆనించి పండుకొనెడిది. లోపల ఎవరు దగ్గినను దాని చెవి కదలెడిది. వీధిలో ఎవరు నడచినను దాని గొంతు పలికెడిది.

ఒక ఏడు మా పెద్దమ్మాయి రెండవ కాన్పునకు పుట్టింటికి వచ్చి, భాద్రపద మాసమున ఆడశిశువును కనెను. వసారాను ఆనుకొనియున్న గదియే పురిటిగది. కర్రి ఒంటి నుండి రాలు వెండ్రుకలును, పిడుదులును పసిబిడ్డ పక్కకు చేరునేమో యని ఇంటివారు భయపడిరి. వారి భయము అకారణమైనది కాదు. కావున కర్రిని వెలుపలికి మార్చవలెనని నిశ్చయించితిమి. అయిదేండ్లు తనదనుకొన్న చోటును ఒక్కనాట పోగొట్టుకొనుట దానికెట్లుండునో మాలో ఒక్కరమును ఆలోచింపలేదు.

వడ్రంగిని పిలిపించి మామిడి పలకలతో ఒక గూడు చేయించితిని. పైన ఇనుపరేకు వేయించితిని. చెదలు పట్టకుండ లోపలను, వెలుపలను తారు పూయించితిని. పెరటిలో పశువుల పాకకు వెనుక, దడి మూలను దానిని నిలిపితిని. గుమ్మము దడివైపునకు తిరిగియుండెను. చూచుటకు గూడు ముచ్చటగానే యున్నది. కర్రి వచ్చి, నాలుగు వైపుల వాసన చూచి, తుమ్మి, మఱల వసారాకు పోయెను.

మూడు దినములు పిలిచితిని. అది రాలేదు. నాలుగవనాటి రాత్రి వాన పట్టుకొన్నది. నాకు కోపము వచ్చెను. "నీ మేలు కొఱకే కదా!" యని గొణుగుకొనుచు దాని మెడపట్టీని పట్టి ఈడ్చుకొనిపోయి, గూటిలోనికి త్రోసి, తలుపునకు గొళ్లెము పెట్టితిని. ఒక రాత్రి గడచినచో అదియే అలవాటు పడునని నా తలంపు. కర్రి తెల్లవారువఱకు ఏడ్చుచునే యుండెను. మా మనుమడు పదేండ్లవాడు పక్కమీద లేచి కూర్చుండి, "తాతయ్యా! కర్రి ఏమి తప్పు చేసినది?" అని అడిగెను.

"ఏ తప్పును చేయలేదు; నీవు పండుకొనుము" అంటిని.

"మఱి ఎందుకు బంధించినావు?" అనెను. నేను బదులు చెప్పలేదు.

ఉదయమున తలుపు తెఱచితిని. పలకలపై గీతలు, ఆ గీతలలో నెత్తురు. గోళ్లు రెండు విఱిగియుండెను. కర్రి నా ముఖము వంక చూడక, నా ప్రక్కగా నడచి, వాకిలి దాటి పోయెను. ఆ దినము తిరిగి రాలేదు. ఆ రాత్రియు రాలేదు.

మహాభారతమునందు మహాప్రస్థానిక పర్వము కలదు. అందు ధర్మరాజు, తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కుటకు ఒప్పుకొనడు. ముప్పది యేండ్లు నేనా కథను తరగతిలో చెప్పితిని. ఆ ఘట్టము వచ్చినపుడెల్ల నా కంఠము గద్గదమగుచుండెడిది. అట్టి నేను, అయిదేండ్లు నా గడప కాచిన కుక్కను చీకటిలో మెడబట్టి త్రోసితిని. కథ చెప్పుట వేఱు, కథ నడచుట వేఱు అని ఆ రాత్రి నాకు తెలిసినది.

రెండవనాటి సాయంకాలము మా మనుమడు దానిని కాలువ తూము దగ్గఱ చూచి నన్ను పిలిచెను. అది లారీలు తిరుగు బాట. నేను పిలువగా కర్రి తోకను కాళ్ల సందున ముడుచుకొని వెనుకకు జరిగెను. పిల్లవాడు నేలపై కూర్చుండి, ఏమియు మాటాడక చేయి చాచెను. కర్రి మెల్లమెల్లగా వచ్చి వాని వ్రేళ్లను నాకెను. వాని వెంటనే ఇంటికి వచ్చెను.

మా పొలమున మంద కట్టిన గొఱ్ఱెల కాపరి యొకడు మఱునాడు కూలి తీసికొనుటకు మా ఇంటికి వచ్చెను. వానికి నాలుగు కుక్కలు కలవు. మా గోడు విని, గూటిని చుట్టి చూచి, "పంతులుగారూ! మీరెన్నడైన ఈ గూటిలో తల పెట్టి చూచినారా?" అని అడిగెను. చూడలేదంటిని. "అయితే ఇప్పుడు చూడుడు" అనెను. నేను వంగి తల లోపల పెట్టితిని. తారు కంపునకు ఊపిరాడలేదు. ఎదుట దడి తప్ప మఱేమియు కానరాలేదు. "కుక్క పండుకొనుటకు చోటు వెదకదు బాబూ! కావలి కాయుటకు చోటు వెదకును. ఇల్లు కనపడని చోట అదేమి కాపలా కాయును?" అని వాడు నవ్వెను.

ఆ మాటలో ఉన్న శాస్త్రమును విడదీసి చూతము. కుక్క మంద జంతువు. దాని పూర్వులైన తోడేళ్లు గుంపుగా బ్రతుకును. మన ఇంటి కుక్కకు మన కుటుంబమే గుంపు. గుంపు కంటికి కానరాని మూల దానికి గూడు కాదు, బహిష్కారము. ఇది మొదటి కారణము. కుక్కకు ముక్కే ముఖ్యేంద్రియము. మనము కంటితో లోకమును చదువునట్లు అది వాసనతో చదువును. తారు, రంగు మొదలగువాని ఘాటు మనకంటె దానికి ఎన్నో రెట్లు బాధాకరము. తన వాసన లేని చోటు దానికి పరాయి ఇల్లు. ఇది రెండవ కారణము. ఇక మూడవది వేడిమి. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు; పాదముల అడుగున మాత్రమే కొంచెము పట్టును. నాలుక వ్రేలవేసి రొప్పుటచేతనే అది తన వేడిమిని తగ్గించుకొనును. ఎండలో కాగిన ఇనుపరేకు క్రింద దానికి ఆ ఉపాయమును చాలదు.

నాలుగవ కారణము నేను స్వయముగా కల్పించినది. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు 1904 లో నోబెల్ బహుమానము పొందెను. ఆహారము పెట్టుటకు ముందు ప్రతిమాఱు ఒక ధ్వని వినిపించినచో, కొన్ని దినములకు ఆ ధ్వని విన్నంతనే కుక్క నోట లాలాజలము ఊరునని ఆయన కనుగొనెను. కుక్క మనస్సు రెండు సంగతులను జతపఱచుకొనును. ఒకటి కనపడగానే రెండవదానికై సిద్ధపడును. మేలును ఎట్లు జతపఱచునో కీడును అట్లే జతపఱచును. నేను ఆ గూటిని చీకటితో, బంధనముతో, నొప్పితో జతపఱచితిని. ఇక దానిని విడదీయవలసినవాడను నేనే.

మొదట గూటిని మార్పించితిని. కర్రిని నిలువబెట్టి కొలిచితిమి. భుజము వఱకు ఎత్తు 20 అంగుళములు. ముక్కు కొన నుండి తోక మొదలు వఱకు 34 అంగుళములు. కుక్క తల వంచక నిలుచుటకును, చుట్టు తిరుగుటకును, కాళ్లు చాచి పండుకొనుటకును గూడు చాలవలెను. అంతకంటె మిక్కిలి పెద్దదైనచో చలికాలమున దాని ఒంటి వెచ్చదనము అందు నిలువదు. కావున పొడవు 42, వెడల్పు 30, ఎత్తు 32 అంగుళములుగా అమర్చితిమి. తారు పూసిన పలకలను తీసివైచి పూత లేని పలకలు వేయించితిమి. రేకునకు బదులు వాలుగా పలకలు పఱచి, పైన తాటాకు కప్పించితిమి. నేల తేమ తగులకుండ అడుగున ఇటుకలు పేర్చి ఆఱు అంగుళములు ఎత్తు చేసితిమి. గుమ్మమును నడుమ గాక ఒక ప్రక్కగా పెట్టించితిమి. జల్లు లోనికి కొట్టినను రెండవ ప్రక్క పొడిగా నుండును. చూరు క్రింద గాలి ఆడుటకు సందు విడిచితిమి. తలుపును మాత్రము ఊడదీయించి పొయ్యిలో పెట్టించితిని.

తరువాత చోటు మార్చితిమి. మా ఇల్లు తూర్పుముఖము. ముంగిట ఈశాన్యపు మూలను వేపచెట్టు కలదు. దాని నీడలో గూటిని నిలిపి, గుమ్మమును మా తలవాకిటివైపు త్రిప్పితిమి. అందు పండుకొన్న కుక్కకు మా గడపయు కనపడును, వీధియు వినపడును. పడమటి ఎండకు ఇల్లే అడ్డు. కార్తికమున ఈశాన్యము నుండి కొట్టు వాన గూటి వీపునకు తగులునే గాని గుమ్మమునకు తగులదు.

ఇక అలవాటు చేయుట. ఇందు మేము పాటించిన నియమము ఒక్కటే: లోపలికి పోవుట, వెలుపలికి వచ్చుట కర్రి ఇష్టము. మేము పిలువవచ్చును, త్రోయరాదు.

మొదటి మూడు దినములు దాని అన్నపు పళ్లెమును గూటికి నాలుగడుగుల దూరమున పెట్టితిమి. అంతకంటె దగ్గఱకు వచ్చుటకు అది వెఱచెను. నాలుగవనాడు రెండడుగులు. ఆఱవనాడు గుమ్మము కడ. కర్రి కాళ్లను వెలుపలనే యుంచి, మెడను మాత్రము చాచి తినెను. వసారాలో అది పండుకొను ప్రాత గోనెను ఉతుకకయే లోపల పఱచితిమి. దాని వాసన దానికి తోడుగా నుండవలెను గదా. పదవనాడు పళ్లెమును గుమ్మమునకు లోపల పెట్టగా ముందరి కాళ్లు రెండును లోపలికి వచ్చినవి. మా మనుమడు ఆనందముతో కేక వేయబోగా నేను సైగచేసి వారించితిని. అది నిమ్మళించి తిని వెలుపలికి వచ్చిన పిమ్మట వాడు దాని మెడ నిమిరి మెచ్చుకొనెను. తిన్న వెంటనే పళ్లెమును తీసివేయుచుంటిమి; మెతుకులు మిగిలినచో చీమలు చేరును, చీమలు కుట్టిన గూటికి ఏ కుక్కయు మఱల పోదు.

అది లోనికి అడుగు పెట్టినప్పుడెల్ల "గూటికి!" అను ఒక్క మాటను మెల్లగా పలుకుచుంటిమి. ఇంటిల్లిపాదియు అదే మాట, అదే స్వరము. పదునాలుగవనాడు గోనె మడతలో ఒక జొన్నరొట్టె ముక్కను దాచి "గూటికి!" అంటిమి. కర్రి నాలుగు కాళ్లతోను లోనికి పోయి, ముక్కను వెదకి తిని, రెండు మాఱులు గుండ్రముగా తిరిగి, పండుకొనెను. అది అట్లున్నది ఒక నిమిషము మాత్రమే. ఆ నిమిషము నాకు పరీక్షలో మొదటి తరగతి వచ్చినంత సంతోషము కలిగించెను. పగటిపూట ఒక నిమిషము అయిదు నిమిషములైనది. అయిదు నిమిషములు ఒక మధ్యాహ్నపు కునుకైనది. సాయంకాలములందు నేను గూటి ప్రక్కన మంచము వేసికొని చదువుకొనుచుంటిని. నా చెంత అది గూటిలో పండుకొనుచుండెను. రాత్రి మాత్రము వసారాకే పోయెడిది. మేము వారింపలేదు. పురిటిగది కిటికీకి తెర కట్టి, వసారాను రెండు పూటల కడిగించుచు ఓపిక పట్టితిమి.

ఇంతలో దీపావళి వచ్చినది. మనుష్యుని చెవికి సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వని వినపడదు. కుక్క చెవికి 45,000 వఱకు వినపడును. మనకు వినపడు చప్పుళ్లలోను దూరపువి, సన్ననివి మనకంటె ముందు దానికే వినపడును. వీధిలో బాణసంచా ప్రేలగానే కర్రి గూటి నుండి దూకి, వంటయింటిలో గంగాళము వెనుక దాగెను. ఆ రాత్రి దానినెవ్వరును అదలింపలేదు, అక్కడనే యుండనిచ్చితిమి. పండుగ వెళ్లిన తరువాత మఱల గుమ్మము కడనే మొదలుపెట్టవలసి వచ్చినది. అయితే ఈ మాఱు పది దినములు పట్టలేదు, మూడే పట్టినవి. ఒకమాఱు కుదిరిన నమ్మకము చెదరినను, దాని వేరు మిగిలియుండును.

బాలబాలికలారా! కుక్కను పెంచు ఇండ్లు మీలో ఎందఱికో ఉండును. అందుచేత మఱికొన్ని సంగతులు చెప్పుచున్నాను. గూటిని ఎన్నడును శిక్షాస్థానముగా వాడరాదు. కోపము వచ్చినపుడు "గూటికి!" అని కసరినచో మీరు నెలదినములు నేర్పినది ఒక్క క్షణమున పోవును. కుక్క గూటిలో నిద్రించుచుండగా కాలు పట్టి లాగుట, తోక పట్టుట కూడదు. అది దాని ఇల్లు. గోనెను వారమునకొకమాఱు ఎండవేయవలెను. త్రాగునీరు ఎల్లప్పుడు దగ్గఱ నుండవలెను. చూలుకుక్కను, ముసలిదానిని, రోగము వచ్చినదానిని, తల్లిని విడిచిన పసికూనను ఆరుబయట విడువరాదు. వేసవిలో రెంటచింతల వంటి చోట్ల ఉష్ణము 45 డిగ్రీల సెంటీగ్రేడును దాటిన దినములు కలవు. అట్టి మధ్యాహ్నములందు ఎంత మంచి గూడైనను చాలదు. కుక్కను వసారాలో చల్లని నేలపై పండుకొననీయవలెను.

గూటికి గొలుసుతో కట్టివేయుట గూడు అలవాటు చేయుట కాదు. మన దేశమున 1960 లో చేసిన జంతుహింసా నివారణ చట్టము, జంతువును కదలుటకు చాలనంత ఇఱుకు చోట బంధించుటను, మిక్కిలి పొట్టి గొలుసుతో గాని మిక్కిలి బరువు గొలుసుతో గాని తగని కాలము కట్టియుంచుటను నేరములుగా పేర్కొన్నది. ప్రాణుల యెడ దయ చూపుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా 1976 లో మన రాజ్యాంగమున చేరినది. ఆ రాత్రి నేను పెట్టిన గొళ్లెము తలపునకు వచ్చినపుడు ఈ రెండును నా కన్నుల ముందు నిలుచును.

మఱియొక్క మాట. గూడు కట్టినంతనే మన బాధ్యత తీరదు. వెఱ్ఱికుక్క కాటునకు మందు లేదని జనులు నిరాశపడిన కాలమున, 1885 లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ ఒక బాలునికి టీకా వేసి రక్షించెను. నేడు ఆ వ్యాధి రాకుండ కుక్కలకే టీకా వేయుదురు. పశువైద్యుని కడకు తీసికొనిపోయి కర్రికి ఆ టీకా వేయించితిమి. పిడుదులకు మందు పెట్టించితిమి. ఇంటివారి భయము సగము అప్పుడే తగ్గినది. ఆ పని మొదటనే చేసియున్నచో నాకు అంత తొందర పడవలసిన పనియే ఉండెడిది కాదు.

కార్తిక బహుళమున సముద్రమునందు వాయుగుండము లేచినది. రెండు దినములు గాలివాన. మొదటి రాత్రి దీపములు ఆఱిపోయినవి. వేపకొమ్మలు విఱిగి పడుచున్న చప్పుడు వినవచ్చుచుండెను. కర్రి వసారాలోనికి వచ్చియుండునని తలుపు తీసి చూచితిని. గడప కడ లేదు. గుండె జల్లుమనెను. మఱల తూము దగ్గఱకు పోయినదా? గొడుగు నిలువలేదు. గోనెసంచిని కొప్పెరగా వేసికొని, టార్చిలైటు పట్టుకొని ముంగిటకు దిగితిని. మా మనుమడు వద్దన్నను వినక నా వెనుకనే వచ్చెను.

గూటిలోనికి వెలుతురు వేసితిని. జల్లు తగులని ప్రక్కన, పొడి గోనెపై, ముక్కును తోకలో దాచుకొని కర్రి ముడుచుకొని యుండెను. వెలుతురునకు కన్నులు తెఱచి నన్ను చూచెను. నేను, "రావే, ఈ రాత్రికి లోపలికి రా" అని పిలిచితిని. అది లేవలేదు. తోకతో పలకపై రెండు మాఱులు టపటప కొట్టెను. తరువాత మా గడపవైపు ఒకమాఱు చూచి, మఱల కన్నులు మూసికొనెను.

"తాతయ్యా! తనంతట తానే పోయినది" అని మనుమడు నా చెవిలో చెప్పెను.

అవును, తనంతట తానే పోయినది. గూటికి తలుపు లేదు, మెడకు గొలుసు లేదు. నేను నిలుచున్న చోట వాన కురియుచుండెను, కర్రి పండుకొన్న చోట పొడిగా నుండెను. ఆ రాత్రి నేను ఇంటిలోనికి పోయి నిశ్చింతగా నిద్రించితిని.